వాన పడని ఇల్లు

“ఇల్లు కట్టిచ్చినా ఉండరంట గదా తాతా వాళ్లు. రికార్డులోనే ఉండాది.”

మా ఊరి సచివాలయంలో కొత్తగా చేరిన ఇంజనీరింగ్ అసిస్టెంటు అమ్మాయి పోయిన నెల నాతో అన్న మాట ఇది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఉదయగిరి కొండ కింద ఉన్న పాత కాలనీ ఫొటోలు తీసి ఫోనులో ఎక్కించే పని అప్పజెప్పారు. పోయి చూస్తే పద్దెనిమిది ఇళ్లలో ఒక్క మనిషి లేడు. ఒక ఇంట్లో ఎండుగడ్డి, ఒక ఇంట్లో నిమ్మకాయల గోతాలు, ఇంకో ఇంట్లో డ్రిప్పు పైపులు. ఆ ఇళ్లు కట్టించింది నేనేనని ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చింది. పాత ఫైలు జిరాక్సు చేతికిచ్చింది.

“నివాసయోగ్యమైన గృహములను లబ్ధిదారులు మూఢనమ్మకముల కారణముగా స్వచ్ఛందముగా విడిచిపెట్టినారు.”

కింద సంతకం మా అసిస్టెంటు ఇంజనీరు, ఏ.ఈ. గారిది. వాక్యం మాత్రం నాది. పాతికేళ్లు దాటిన తర్వాత నా వాక్యం నా ముందుకే వచ్చి, చదువుకున్న పిల్ల నోట నిజమై కూర్చుంది. ఇది చదివే పిల్లలు మీరంతా రేపు ఇలాంటి ఉద్యోగాల్లో చేరేవాళ్లు. మీ చేతి రాత ఎంత దూరం పోతుందో తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. నాకు చదువు చెప్పింది మా అవ్వ బైబిలు, బొరుగుల పొట్లాల కాగితాలు. మా నాయన వెంట కలిగిరి చుట్టుపక్కల తాపీపని చేస్తూ పెరిగాను. ప్రభుత్వం ఇళ్లు కట్టించే శాఖలో మేస్త్రిగా దూరి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ఆఫీసుకు వచ్చే సర్క్యులర్లను ఇంటికి తెచ్చుకుని, చూచివ్రాత రాసినట్టు రాసి రాసి ఆ భాష పట్టుకున్నాను. ‘తదుపరి చర్య నిమిత్తము’ అని రాయగలిగిన రోజు నాకు పెళ్లి రోజుకన్నా బాగా గుర్తుంది. ఏ.ఈ. గారికి తెలుగు రాయడం బద్ధకం. రిపోర్టులన్నీ నాచేతే రాయించి, తను సంతకం పెట్టేవాడు. అందుకు నాకు పొగరు. ఏ కాగితం పట్టుకుపోయినా, ఎదుటివాళ్లు అడిగినా అడగకపోయినా, గొంతు సవరించుకుని మొత్తం చదివి వినిపించేవాణ్ణి.

ఆ పద్దెనిమిది కుటుంబాలు యానాదులు. అందరూ ఒకరికొకరు బంధువులు. మేము పోయేనాటికి కొండ కింద వాగు గట్టున ఉండేవాళ్లు. నడుం వంచి దూరాల్సిన గుడిసెలు. ఒకరి వాకిలి ఇంకొకరి వాకిలికి ఎదురు పెట్టరు. వరికోతల కాలానికి అనంతసాగరం వైపు పోయి పొలం గట్లలో కుండతో పొగ ఊది ఎలుకలు పట్టేవాళ్లు. ఎలుక బొరియలో దాచిన వరి వెన్నులు వాళ్లవే. ఎండలు ముదిరితే కొండలో తేనె, చెరువులు అడుగంటితే చేపలు. ఊళ్లో ఎవరికి పాము కరిచినా, ఎంత పెద్దింటివాళ్లయినా, వాళ్ల గుడిసె ముందుకు వచ్చి వంగి పిలవాల్సిందే. ఏడాదికి మూడు చోట్ల బతికే మనుషులకు మేము ఒక్కచోట ఇల్లు కట్టాం.

అదీ వరసల్లో కట్టాం. వాకిలికి ఎదురుగా వాకిలి. అలా వద్దని వాళ్లు మొదట్లోనే చెప్పారు. సర్కారు నమూనా మారదని నేను కాగితం చదివి వినిపించాను. పాత గుడిసెలు పీకించే పని కూడా నాదే. గుడిసె నిలబడి ఉంటే ఇల్లు పూర్తయినట్టు లెక్క కాదు.

ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. ఆ స్లాబులు నేను దగ్గరుండి పోయించాను. కంకర కడిగించాను. పైన చిన్న చిన్న మళ్లు కట్టి ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలబెట్టాను. ఆ నీళ్లు వాగు నుంచి మోసింది ఎక్కువగా ఒక ముసలామె. వాళ్ల పెద్దాయన భార్య. మనిషి పుల్లలాగా ఉండేది, రెండు బిందెలు ఒకేసారి ఎత్తేది. మొదటి వరస మొదటి ఇల్లు వాళ్లదే. నీళ్లు నిలిచిన ఇరవై ఒక్క రోజుల్లో ఏ ఇంట్లోనూ ఒక్క చుక్క కిందికి దిగలేదు. “చూడవ్వా, ఇంక ఈ జన్మకి వాన నీ నెత్తిన పడదు” అన్నాను ఆమెతో. నవ్వి ఊరుకుంది. నేను ఊరికే గొప్పలు పోతున్నాననుకుందని తర్వాత తెలిసింది. వాన దిగని కప్పు ఆమె తన బతుకులో చూసింది లేదు.

ఇళ్లలోకి వచ్చారు. వంట బయట, పడక బయట, వలలూ మేకలూ లోపల. చూసిపోయిన ప్రతి ఆఫీసరూ నొసలు చిట్లించినవాడే. ఎండాకాలంలో మనమందరం మంచాలు వాకిట్లో వేసుకునేవాళ్లమే. మనం పడుకుంటే గాలి కోసం, వాళ్లు పడుకుంటే అనాగరికం. తనిఖీకి వచ్చినప్పుడు ఇంట్లో మనిషి కనపడకపోతే పేరు కొట్టేస్తామని భయపెట్టాం. దాంతో కోతలకు పోవడం తగ్గించారు. కొండలోకి పోతే ఫారెస్టువాళ్ల తంటా. మగవాళ్లు ఒక్కొక్కరే నిమ్మతోటల కాపలాకు కుదిరారు. పొగకుండలు మిద్దెల మీద బోర్లించి ఉండేవి. మేము దాన్ని అభివృద్ధి అని రాసుకున్నాం. నేనే రాశాను.

ఏడాది తిరగకుండా, నడి ఎండాకాలంలో పెద్దాయన ఆ మొదటి ఇంట్లోనే చనిపోయాడు.

మూడో రోజుకు కాలనీ ఖాళీ. మొదటి ఇంటి గడపకు అడ్డంగా ఒక ముళ్ల కంపమండ పెట్టి, పద్దెనిమిది కుటుంబాలూ వాగు గట్టుకు పోయి మళ్లీ గుడిసెలు వేసుకున్నాయి. యానాదులందరికీ ఈ ఆచారం ఉందో లేదో నాకు తెలియదు. ఈ గుంపుకు ఉంది. చావు జరిగిన చోట ఉండరు. మంది అంతా కదలాలి. గుడిసెను అట్లే వదిలేస్తే కప్పు కుంగుతుంది. మనిషి పడుకుని చనిపోయిన నేల మీద వాన పడుతుంది. అలా ఒక్క వాన పడితే చాలు, ఆ తర్వాత రావచ్చు. పోయి అడిగితే ముసలామె ఇదంతా నాకు చెప్పింది. చెప్పి, “వానలొచ్చినాక వస్తాం మేస్త్రీ. యాడికి పోతాం? పట్టాలు నువ్వే గదా చదివి ఇచ్చినావు” అంది.

నేను సరేనన్నాను. మా ఇంట్లో ప్రార్థన చేసి సమాధిపెట్టెకు మేకులు కొడితే అంతటితో సరి. అయినా ఎవరి పద్ధతి వాళ్లది అనుకునేంత బుద్ధి అప్పటికి ఉంది.

ఆ ఏడు కార్తీకంలో వానలు బాగా పట్టాయి. మూడు రోజులు ముసురు. వెలిసిన రోజు పొద్దున ముసలామె ఒక్కతే వచ్చి, కంపమండ తీసి, తలుపు తోసి, లోపల నేల మీద అరచెయ్యి పెట్టి చూసిందట. పొడి దుమ్ము అంటుకుంది. నా పనితనం అది.

అటునుంచి అటే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను పక్క ఊళ్లో పునాదులకు ముగ్గు పోయిస్తున్నాను. దూరంగా నిలబడింది. దగ్గరికి పోయాను.

“మేస్త్రీ, ఆ మిద్దెకి ఒక బొక్క కొట్టు.”

“ఏందవ్వా?”

“చెయ్యి పట్టేంత చాలు. ఆయన పడుకున్న చోటికి పైన. ఒక వాన పడినాక నువ్వే పూడ్చెయ్యి. అందరం వచ్చేస్తాం.”

నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమూ వచ్చింది. కడవతో నీళ్లు పోసి కడుక్కోండి, ఎవరొద్దన్నారు అన్నాను.

“నీళ్లా?” అంది. “ఇరవై ఒక్క రోజు మోసినాను నీళ్లు. ఒక్క చుక్క కింద పడనీలేదు నువ్వు. మనం పోసేది మనం పోసేదే. వాన ఎవురూ పోసేది కాదు.”

ఉలి, సుత్తి పట్టుకుంటే నాకది అర పూట పని. ఊచలు తెగకుండా బెత్తెడు రంధ్రం తియ్యడం, తర్వాత గుండ్రాయి సిమెంటుతో పూడ్చడం ఏ కుర్ర మేస్త్రి అయినా చేస్తాడు. ఎవరికీ తెలిసేది కూడా కాదు. కానీ నేను పోయించిన స్లాబు. కారదని ఊరంతా చెప్పుకున్న స్లాబు. దాన్ని నా చేత్తో కారేట్టు చెయ్యాలా? ఆ అహంకారాన్ని కప్పిపుచ్చుకోవడానికి రూలు ఎత్తుకున్నాను. అది సర్కారు ఆస్తి, బొక్క కొడితే కేసు పెడతారు, పోలీసులొస్తారు అన్నాను. మీ వాళ్లలో ఎవరైనా కొట్టినా అంతే అన్నాను.

పోలీసు అన్న మాట వాళ్లకు చాలు. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వాళ్ల గుడిసెలే తడిమేవాళ్లు. ఆ మాటతో ముసలామె మొహం ముడుచుకుపోయింది. వచ్చిన దారినే పోయింది.

ఇప్పుడు ఏ.ఈ. గారి సంగతి చెప్పాలి. చెడ్డవాడు కాదు. పని తెలిసినవాడు, నన్ను ఎప్పుడూ తక్కువగా చూడలేదు. ఆ ఎండాకాలం చివర్లోనే ఆత్మకూరులో వాళ్లమ్మ చనిపోయింది. చెడు నక్షత్రం, ఆరు నెలలు ఇల్లు పాడు పెట్టాలన్నాడు పురోహితుడు. సొంత ఇంటికి తాళం వేసి, రెండు వీధుల అవతల బాడుగ ఇంట్లోకి మారాడు. సామాను మోయించింది నేనే. తాళం వేసిన ఇంటి వసారాలో కాపలా పడుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలంటే, ఆ ముసలామె కొడుకునే కుదిర్చాను. ఇదంతా నా చేతుల మీదుగా జరిగింది. అయినా ఆ తాళాన్నీ ఈ కంపమండనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు. రోజూ చూసేదాన్ని ఎవరు చూస్తారు?

వానల తర్వాత ఖాళీగా ఉన్న ఇళ్ల జాబితా అడిగారు పైనుంచి. ఏ.ఈ. గారూ నేనూ జీపులో కాలనీకి పోయాం. వాగు గట్టు నుంచి అందర్నీ పిలిపించాం. ముసలామె ముందు నిలబడింది, పక్కన కొడుకు. ఏ.ఈ. గారు ఎందుకు ఉండటం లేదని అడిగాడు. ఆమె నాతో చెప్పిందే చెప్పింది. బొక్క మాట మాత్రం ఎత్తలేదు. నావైపు ఒకసారి చూసి వదిలేసింది.

“ఇట్టాంటి పిచ్చి నమ్మకాలు పెట్టుకుంటే బాగుపడేది ఎప్పుడమ్మే? సర్కారు మీకోసం ఎన్నాళ్లు కూచోవాల?” అన్నాడాయన.

ముసలామె నెమ్మదిగా అడిగింది. “మీ ఇంటికి ఇంకా ఎన్నాళ్లుండాది సార్? మావోడు చెప్పినాడు, ఆరు నెల్లంటగా.”

ఎవరూ నవ్వలేదు. ఏ.ఈ. గారి మెడ ఎర్రబడింది. “మాది శాస్త్రం. మీది వేరు” అన్నాడు.

“వేరే సార్. మీ శాస్త్రానికి నెలలుండాయి. మాకు వాన ఉండాది.”

ఆయన జీపెక్కి కూర్చున్నాడు. ఆ క్షణంలో నేను ఒక్క మాట అనుంటే సరిపోయేది. సార్, స్లాబుకు ఒక చిన్న రంధ్రం కొడితే పద్దెనిమిది ఇళ్లూ నిండుతాయి, బాధ్యత నాది అనుంటే ఆ మనిషి ఒప్పుకునేవాడనే ఇప్పటికీ నా నమ్మకం. తలవంచుకుని వెనకెక్కాను. దారిలో డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి కన్ను గీటాడు. ముసలామె బలే అడిగింది అన్నట్టు. నేను కిటికీవైపు తిరిగాను.

ఉదయగిరిలో టీ అంగడి బల్ల మీద రిపోర్టు రాశాను. ‘స్వచ్ఛందముగా’ అనే మాట పడగానే ఏ.ఈ. గారు మెచ్చుకున్నాడు. నీ తెలుగు ముందర మేము చాలమయ్యా అన్నాడు. నా గుండె ఉప్పొంగింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట. ఉప్పొంగింది.

స్వచ్ఛందం అని రాస్తే సరిపోదు, వేలిముద్రలు కావాలి. మర్నాడు ఇంకు ప్యాడు పట్టుకుని వాగు గట్టుకు ఒక్కణ్ణే పోయాను. అందరూ వచ్చి కూర్చున్నారు, ఎప్పటిలాగే చదివి వినిపిస్తానని. చదవలేదు. ఇళ్లు ఖాళీగా ఉన్నాయని రాసిన కాగితం, అంతే అన్నాను.

“ఖాళీనే గదా” అంది ముసలామె. వేలు చాపి, మళ్లీ ఆపి అడిగింది. “వాన పడినాక తిరిగి వస్తామని రాసినావా?”

“ఆఁ” అన్నాను.

వేలు పెట్టింది. ఆమె వెనక పదిహేడు వేళ్లు.

మార్గశిరంలో పట్టాలు రద్దయ్యాయి. అదే వారం ఏ.ఈ. గారి ఆరు నెలలూ పూర్తయ్యాయి. ఆత్మకూరులో ఆ ఇంటికి సున్నం కొట్టించి, శాంతి చేయించి, పాలు పొంగించుకుని లోపలికి పోయారు. సున్నం దగ్గరుండి కొట్టించింది నేనే. ఆరు నెలలు ఇల్లు వదిలినందుకు ఆయన పట్టా ఎవరూ రద్దు చెయ్యలేదు. కొండ కింది ఇళ్లు పద్దెనిమిది మంది వేరేవాళ్ల పేర్లకు మారాయి. పేర్లు మారాయి గానీ మనుషులు రాలేదు. వాళ్లు ఏనాడూ అక్కడ ఒక పూట పడుకోలేదు. వాళ్లను ఎవరూ మూఢులని రాయలేదు. గడ్డి దాచుకునేవాడికి శాస్త్రం అడ్డం రాదు.

రిటైరయ్యాక ఆత్మకూరు గ్రంథాలయంలో కూర్చుని దొరికిందల్లా చదివేవాణ్ణి. ఒకసారి అమెరికాలో కొమాంచీలనే జాతి గురించి చదివాను. గుర్రాల మీద పెద్ద పెద్ద మైదానాలు తిరిగిన మనుషులట. మనిషి పోతే అతని సామాను తగలబెట్టి, డేరాలు పీకి, మంది అంతా వేరే చోటికి కదిలేవాళ్లట. సర్కారు గిరి గీసి ఇందులోనే ఉండమంది. అడవిదున్నల వేట పోయింది. తిండికి బతికున్న ఎద్దులను ఇస్తే, కొన్నాళ్లు వాటినే గుర్రాల మీద తరిమి పాత వేటలాగా వేటాడారట. అదీ మాన్పించారు. ఇళ్లు కట్టిస్తే పక్కనే డేరా వేసుకుని అందులో పడుకునేవాళ్లు కొందరు. కదలడానికి చోటు లేని గిరిలో చావు వస్తే ఎటు కదిలారో ఆ పుస్తకంలో లేదు. సముద్రాల అవతల కూడా నాలాంటి మేస్త్రి ఒకడు ఉండే ఉంటాడు. మంచి దస్తూరీ ఉన్నవాడు. వాడు ఏ మాట వాడాడో.

సచివాలయం అమ్మాయి వచ్చిపోయిన మూడో రోజు షేరు ఆటో ఎక్కి అనంతసాగరం పోయాను. ముసలామె కొడుకు అక్కడ ఒక నిమ్మతోటలో కాపలా ఉంటున్నాడని విన్నాను. ఆ పద్దెనిమిది కుటుంబాలూ ఇప్పుడు పద్దెనిమిది తోటల్లో ఉన్నాయి. ఒక్కో తోటకు ఒక్క ఇల్లు. కదలాలన్నా కదలడానికి మంది లేరు.

అతనికీ జుట్టు నెరిసింది. మోటారు షెడ్డు ముందు పాదులు తీస్తున్నాడు. నన్ను చూసి పార పక్కన పెట్టాడు. “మేస్త్రీ, బాగా వాలిపోయినావే” అని, మంచం వాల్చాడు. వాళ్లమ్మ ఆ షెడ్డులోనే చనిపోయిందట, చాలా ఏళ్లయింది. మరి మీరు కదిలారా అని అడిగాను.

“తోట ఇడిసిపెట్టి యాడికి పోతాం? తోటాయన మళ్లీ రానిస్తాడా?” అన్నాడు. తర్వాత తలెత్తి షెడ్డు కప్పు చూపించాడు. జింకు రేకులు. “అదో, ఆ మూలది తీసినాను. ఒక వాన పడినాది. మోటారు తడిసినాదని తోటాయన నెల రోజులు తిట్టినాడు. మళ్లీ బిగించేసినాను. నాలుగు బోల్టులే గదా.”

నాలుగు బోల్టులు. ఆ తర్వాత, వచ్చిన పని చెప్పాను. ఆ రోజు వాగు గట్టున మీ అమ్మ అడిగిన మాట కాగితంలో లేదు, ఉందని అబద్ధం చెప్పాను అన్నాను.

అతను మట్టి చేతులు దులుపుకున్నాడు.

“అమ్మకి తెలుసు మేస్త్రీ. రాసుంటే చదివుండేవాడు అనింది. ఎప్పుడూ చదివేవోడు ఆ పొద్దు మడిచి జేబులో పెట్టుకున్నాడే అనింది.”

“తెలిసీ ఎందుకు వేలు పెట్టింది?”

“అంతమందిలో నిన్నేం అడుగుతాదిలే” అన్నాడు, తప్పు నాది కానట్టు.

ఇంతవరకు రాశాక మళ్లీ అనంతసాగరం పోయాను. మొదటి నుంచి చివరిదాకా, ఒక్క అక్షరం వదలకుండా, షెడ్డు ముందు మంచం మీద కూర్చుని చదివి వినిపించాను. అతను పార కామ మీద గడ్డం ఆనించి విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

“వాన పడినాక తిరిగి వస్తామని రాసినావా?”

రాశానన్నాను. ఆ చోటు వేలుపెట్టి చూపించాను. అతనికి చదువు రాదు.

“ఇంకోసారి చదువు” అన్నాడు.

చదివాను.